కాదనేవాడు ఉన్నాడా?

ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో బళ్లల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. అంశం దాదాపు ఖాయం: అంతరించిపోతున్న ఒక జంతువు. తీరా కాగితాలు దిద్దడానికి కూర్చుంటే, పైన పేర్లు కొట్టేస్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. ‘వన్యప్రాణులు ప్రకృతి మనకిచ్చిన వరం’ అని మొదలు. ‘కావున మనమందరం వాటిని కాపాడుకుందాం’ అని ముగింపు. నడుమ పెద్దపులి. పులి మీద నాకు కోపమేం లేదు. కాకపోతే ఉప్పుగాలి పీల్చుకుంటూ పెరిగిన పిల్లాడు ఎన్నడూ చూడని నల్లమల పులి గురించి గైడులో ఉన్నది దించేసి, తన ఊరి కాల్వ గట్టున తిరిగే జంతువు ఊసే ఎత్తకపోవడం ఎందుకో మింగుడు పడదు.

ఈ అధ్యాయం వ్యాసం మొత్తం గురించి కాదు, అందులో ఒకే ఒక్క వాక్యం గురించి. ఇంగ్లీషు మీడియం పుస్తకాల్లో దాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. ఇక్కడ మూలవాక్యం అందాం. మీరు ఏ మాట నిలబెట్టడానికి కలం పట్టారో చెప్పే వాక్యం అది. గేదెకు గుంజ ఎలాగో వ్యాసానికి ఇది అలాగ: తాడు ఎంత పొడుగున్నా మేత దాని చుట్టూతానే. ఎనిమిదో తరగతి పోటీకైనా, డీఎస్సీ కోచింగు కోసం అవనిగడ్డలో గది అద్దెకు తీసుకున్నవాళ్లకైనా, గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే రాసేవాళ్లకైనా పని ఒకటే. మార్కులు పోయేదీ చాలాసార్లు ఇక్కడే.

మూలవాక్యం రాశాక దానికి ఒకే పరీక్ష పెట్టండి. దీన్ని కాదనేవాడు ఎవడైనా ఉన్నాడా? ‘బావురు పిల్లిని కాపాడుకోవడం మనందరి బాధ్యత’. కాదనేదెవరు? రొయ్యల రైతూ అవునంటాడు, అటవీ శాఖ అధికారీ అవునంటాడు, మంత్రిగారు సభలో అదే మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. అందరూ తలూపే మాటను నిరూపించడానికి నాలుగు పేజీలు దేనికి? రాసేవాడికి పని లేదు, చదివేవాడికి పని లేదు. అందుకే అలాంటి వ్యాసాలు రెండో పేరాకే నీరసపడి నినాదాల్లోకి దిగుతాయి.

జంతువుల మీద రాసే వ్యాసాల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. జంతువు నోరు లేనిది, దాని పక్షాన మాట్లాడటం పుణ్యకార్యం, పుణ్యకార్యానికి వాదన ఏమిటన్న భావం లోపల ఉండిపోతుంది. నిజానికి ఒక జంతువు ప్రమాదంలో పడిందంటే దాని నేలా నీళ్లూ ఇంకెవరికో అవసరమయ్యాయని అర్థం. ఆ అవసరం ఉన్న మనిషికి పేరుంది, ఊరుంది, అప్పుంది. ఆయన్ని వ్యాసంలోకి రానివ్వనంత కాలం మీ వాక్యానికి కాదనేవాడు దొరకడు.

ముందు జంతువును దగ్గరగా చూడండి

బావురు పిల్లినే తీసుకుందాం. అటవీ శాఖవాళ్లూ పత్రికలవాళ్లూ ఫిషింగ్ క్యాట్ అంటున్నారు. ఇంటి పిల్లి కంటే బాగా పెద్దది. బూడిదరంగు ఒంటి మీద నల్ల మచ్చలు వరసలుగా ఉంటాయి. తోక పొట్టి. కాలివేళ్ల మధ్య కొద్దిపాటి పొర ఉంటుంది. గోళ్లు మామూలు పిల్లికిలా పూర్తిగా లోపలికి ముడుచుకోవు. తడి బురద మీద దాని అడుగు పడితే ముందు గోటి గీతలు కూడా కనబడొచ్చు. నీళ్లు చూస్తే పిల్లులు ఆమడ దూరం పోతాయంటాం గానీ ఇది చేప కోసం నీళ్లలోకి దూకుతుంది, ఈదుతుంది. చేపలతో పాటు పీతలు, ఎలుకలు, పక్షులు దీని తిండి. తిరుగుడంతా ఎక్కువగా రాత్రిపూట. టార్చి వెలుగులో చూసినవాళ్లు చిరుతపులి అనుకుని ఊరంతా లేపడం డెల్టాల్లో కొత్తేమీ కాదు.

దీని ఇల్లు మడ అడవి, జమ్ము పెరిగిన మడుగులు, పాయల అంచులు. దివిసీమ చివర సొర్లగొంది, నాచుగుంట వైపు నుంచి అవతల బాపట్ల జిల్లా లంకల దాకా విస్తరించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో బావురు పిల్లి మొదటి షెడ్యూలులో ఉంది. అంటే చట్టం కాగితం మీద పెద్దపులికి ఎంత రక్షణో దీనికీ అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘అంతరించిపోయే దశకు చేరిన బావురు పిల్లి’ అని చేతికొచ్చినట్టు రాసేయకండి. ప్రపంచంలోని జీవుల పరిస్థితిని తూచి ఎర్ర జాబితా తయారుచేసే ఐయూసీఎన్ సంస్థ 2008లో దీన్ని ఎండేంజర్డ్ మెట్టులో పెట్టింది. 2016లో దానికి ఒక మెట్టు కింద ఉన్న వల్నరబుల్‌కు మార్చింది. ముప్పు ఉన్న జంతువుల జాబితాలోనే ఉంది, కాకపోతే మెట్టు వేరు. దివిసీమ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుదీ అదే మెట్టు. దిద్దేవాడికి ఈ తేడా తెలిసి ఉంటే మీ మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగుతుంది. ‘ముప్పులో ఉన్న’ అనండి, సరిపోతుంది. బలమైన మాట వాడితే వాక్యానికి బలం వస్తుందనుకుంటారు చాలామంది. తప్పు మాట ఒక్కటి దొర్లితే మిగతావి నిజమైనా ఎవరూ నమ్మరు.

బాబాయితో పేచీ

గుడివాడలో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. నాన్నది ఊళ్లో వరి వ్యవసాయం. బాబాయికి నాగాయలంక వైపు రొయ్యల చెరువుంది. కాలేజీ పోటీకి బావురు పిల్లి మీద రాయాలనుకుంది. ‘మనందరి బాధ్యత’ వాక్యాన్ని తనే కొట్టేసింది. రెండోసారి ఇలా రాసింది:

‘కృష్ణా డెల్టాలో బావురు పిల్లి ముప్పులో ఉంది.’

ఇది వార్త. జిల్లా పేజీలో పడొచ్చు. దీని మీద వాదించడానికేముంది? మీ వాక్యం చదివాక ‘అలాగా!’ అని ఊరుకుంటే అది సమాచారం. ‘అలా ఎలా అంటావ్?’ అని ఎదురు తిరిగితే అప్పుడు మూలవాక్యం మొదలైనట్టు. మూడోసారి ధైర్యం చేసింది:

‘రొయ్యల చెరువుల వల్ల దివిసీమలో బావురు పిల్లి అంతరించిపోతోంది.’

ఈసారి బాబాయికి ఫోన్లో చదివి వినిపించింది.

“ఏ చెరువమ్మా?” అన్నాడాయన.

“అన్నీ బాబాయ్.”

“మనది వరి చేను తవ్వి చేసింది. మీ తాతయ్య ఉన్నప్పుడు కూడా అక్కడ మడ చెట్టు ఒక్కటి లేదు. మరి మన చెరువు ఏ పిల్లి ఇల్లు కూల్చిందంటావ్?”

అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది న్యాయమే. డెల్టాలో మడను కొట్టి తవ్విన చెరువులున్నాయి, వరి చేలను మార్చి తవ్వినవీ ఉన్నాయి. రెండిటినీ ఒకే గాటన కట్టినందుకు వాక్యం మొదటి ప్రశ్నకే కూలిపోయింది. కాదనేవాడు దొరికాడు గానీ, అతను కాదంటే నిలబడే శక్తి వాక్యానికి లేదు. పరీక్షలో రెండో సగం ఇదన్నమాట. కాదనేవాడు ఉండాలి, అతను కాదన్నాక కూడా మీ దగ్గర చెప్పడానికి ఏదో మిగలాలి.

నాలుగోసారి నిందను పక్కనపెట్టి, ఏం చేయొచ్చో ఆలోచించింది. పిల్లికి కావలసింది నక్కడానికి గుబురు. చెరువు గట్ల మీద కాస్త తుప్ప పెరగనిస్తే?

‘రొయ్యల రైతులు చెరువు గట్ల మీద చెట్టూ చేమా పెరగనిస్తే బావురు పిల్లి బతుకుతుంది.’

మళ్లీ ఫోను. ఈసారి బాబాయి నవ్వాడు. “గట్టు మీద తుప్ప లేస్తే పీతలు చేరతాయమ్మా. పీత లోపలికి దిగిందంటే వైట్ స్పాట్ వచ్చినట్టే. చెరువు చుట్టూ వల కట్టింది దేనికనుకున్నావ్? పైన పక్షులు వాలకుండా దారాలు లాగింది దేనికి? పంట పోతే ఎవరిస్తారు, మీ కాలేజీ వాళ్లా?”

కోస్తాలో రొయ్యల సాగు చేసినవాళ్లకు 1990ల నడుమ వైట్ స్పాట్ వైరస్ కొట్టిన దెబ్బ చెప్పనక్కర్లేదు. ఎకరాలకు ఎకరాలు ఎండగట్టారు. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి సాగు మళ్లీ పుంజుకున్నా, పీతను చూస్తే రైతు గుండె ఝల్లుమనడం మాత్రం పోలేదు. పీతలు ఆ వైరస్‌ను మోస్తాయన్నది శాస్త్రం కూడా చెప్పే మాట. గైడులో ఈ సంగతి ఉండదు. బాబాయి నోట వచ్చింది. వ్యాసానికి అసలు సరుకు ఇలాంటి చోట్లే దొరుకుతుంది. అవతలివాడు ఎందుకు ఒప్పుకోడో తెలిసిన రోజున మీ వాక్యం ఎక్కడికి జరగాలో కూడా తెలుస్తుంది.

అది జరగాల్సింది చెరువు గట్టు నుంచి కాల్వ గట్టుకు. చెరువుల మధ్య నుంచి పోయే మురుగు కాల్వలు చివరికి పాయల్లోనో సముద్రంలోనో కలుస్తాయి. ఆ గట్లు ఏ ఒక్క రైతువీ కావు. పొలాల్లోకీ చెరువుల వైపుకూ తిరిగి మడలోకి వెళ్లే జంతువుకు అవే దారి. అమ్మాయి అయిదోసారి ఆ గట్లను వాక్యంలోకి తెచ్చింది. బాబాయి ఏమీ అనలేదు. ఈసారి అడ్డుపడ్డది నాన్న.

“డ్రెయిన్లలో జమ్మూ గుర్రపుడెక్కా తీయకపోతే ఏమవుతుందో నీకు తెలియదా? తుపాను వానకి చేను మునిగి నాలుగు రోజులు నీళ్లు లాగకపోతే వరి కుళ్లిపోదూ?”

గుడివాడ చుట్టుపక్కల రైతులు ఏటా వానాకాలానికి ముందు అధికారులను అడిగేది ఇదే. పూడిక తీయండి, నీళ్లు లాగేటట్టు చేయండి. కడుపు మండినవాడి మాట. పిల్లి పేరు చెప్పి దాన్ని తోసేస్తే వ్యాసం చెల్లదు. అలాగని వాక్యాన్ని వదిలేయనక్కర్లేదు. పూడిక తీసే పొక్లెయిన్ గట్టు మీద ఒక పక్కన నిలబడి పని చేసుకుపోగలదు. రెండు గట్లూ గొరిగినట్టు చేయాల్సిన పని ప్రతి చోటా ఉండదు. కాల్వ లోపల జమ్ము తీసేయొచ్చు, గట్టు మీది గుబురు ఒక వైపు ఉంచొచ్చు. అమ్మాయి ఆరోసారి రాసింది:

‘దివిసీమలో బావురు పిల్లి నిలవాలంటే అభయారణ్యం లోపలి కాపలా ఒక్కటే చాలదు, చెరువుల నడుమ నుంచి పాయల్లో కలిసే మురుగు కాల్వలకు పూడిక తీయించేటప్పుడు ఒక వైపు గట్టున మడనూ తుప్పనూ ముట్టకూడదని జలవనరుల శాఖ కాంట్రాక్టులోనే షరతు పెట్టాలి.’

ఈ వాక్యం అందంగా ఉందని నేననను. కాంట్రాక్టు, షరతు వంటి మాటలు కవులకు నచ్చవు. కానీ దీన్ని కాదనేవాళ్లు ఎంతమందో చూడండి. అడవిని సరిగ్గా కాస్తే చాలు, బయటి గొడవ మాకెందుకనే అధికారి ఉన్నాడు. ఒక గట్టు వదిలితే పాములు పెరుగుతాయనే రైతున్నాడు. బిల్లు ఎలా పెట్టుకోవాలనే కాంట్రాక్టరున్నాడు. ఒక్కొక్కరికి ఒక్కో పేరా జవాబు చెప్పుకుంటూ పోతే వ్యాసం దానంతట అదే తయారవుతుంది. ‘మనందరి బాధ్యత’తో మొదలుపెట్టినవాడు రెండో పేరాలో ఏం రాయాలా అని పెన్ను కొరుక్కుంటూ ఉంటాడు.

ఆధారం మాటేమిటి? అభయారణ్యం బయట కూడా ఈ పిల్లి బతుకుతుందనడానికి పక్క రాష్ట్రం నుంచి ఒక లెక్క తెచ్చుకోవచ్చు. ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర 2022లో బావురు పిల్లులను లెక్కగడితే 176 ఉన్నట్టు తేలింది. రక్షిత ప్రాంతాల బయట ఈ జంతువును లెక్కపెట్టిన తొలి ప్రయత్నంగా దాన్ని చెప్పారు. ఇది మీ వాక్యానికి పనికొచ్చే సాక్ష్యం. కానీ 176 చిలికాది, దివిసీమది కాదు. ఆ అంకెను ఇక్కడికి మోసుకొచ్చి ‘మన డెల్టాలో’ అని అతికించకండి. ‘అభయారణ్యం కాని చోట కూడా నిలదొక్కుకోగలదని చిలికా లెక్క చూపింది’ అని రాయండి. సాక్ష్యం ఎంతవరకు వస్తుందో అంతవరకే వాడాలి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కూడా ఇదే వ్యాసంలోకి తేవాలనిపిస్తుంది. దివిసీమలో పుట్టినవాళ్లకు అది సహజం. మడ ఉంటే అల జోరు తగ్గుతుంది, అందుచేత మడను కాపాడితే పిల్లికీ మనిషికీ మేలు అని. మాట నిజమే, బాబాయి వంటివాళ్లను కదిలించేదీ అదే. ఒక పేరాలో చెప్పండి. మూలవాక్యంలో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే వ్యాసం ఉప్పెన మీదికి పోతుంది. అంత పెద్ద విషాదం పక్కన పిల్లి ఎవరికీ కనబడదు.

వాక్యంలో చేసేవాడు కనబడాలి

పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో చదివి చదివి మనకు ఒక రాత అలవాటైంది: ‘మడ అడవులు విచక్షణారహితంగా నరికివేయబడుతున్నాయి.’ ఎవరు నరికారు? చెట్లు వాటంతట అవే పడిపోయినట్టుంది. ‘బడు’ తగిలించగానే మనిషి మాయమవుతాడు, అతనితో పాటే పేచీ పోతుంది. మూలవాక్యంలో చేసేవాడిని బయటికి లాగండి. వంటచెరకు కోసం ఊరివాళ్లు కొట్టారా, చెరువు కోసం కొట్టారా, రోడ్డు కోసమా? మూడింటికీ మందు వేరు వేరు. ‘తగిన చర్యలు తీసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది’ అన్నదీ ఇదే బాపతు. తగినవంటే ఏవి? తీసుకోవలసింది ఎవరు?

ఇంకొకటి. తెలుగులో క్రియ చివర వస్తుంది. మీరు తేల్చి చెప్పేది ఆఖరి మాటలో ఉంటుంది. దాన్ని వాడుకోండి. అవతలివాడి మాట ముందు పెట్టి, మీ తీర్పు చివర పెట్టండి. సముద్రపు తాబేళ్ల మీద రాస్తూ ‘గుడ్లు హేచరీకి చేరుస్తున్నా’ అని ముందు ఒప్పుకుంటే, తర్వాత వచ్చే ‘వలలు ఆపకపోతే లాభం లేదు’ గట్టిగా తగులుతుంది. అయితే మధ్యలో ‘అంతేకాకుండా’, ‘మరియు’, ‘దానితో పాటు’ చేర్చుకుంటూ పోతే క్రియ దగ్గరికి వచ్చేసరికి చదివేవాడు కర్తను మర్చిపోతాడు. గుక్క తిప్పుకోకుండా చదవగలిగినంత పొడవు చాలు. అంతకు మించితే రెండు వాక్యాలు చేయండి, ఎవరూ మార్కులు కోయరు.

తాబేలు వాక్యం

బందరు పిల్లలకు పిల్లి కంటే తాబేలు దగ్గర. మంగినపూడి బీచికి షికారుకెళ్లి ఒడ్డున చచ్చిపడున్న సముద్రపు తాబేలును చూసినవాళ్లు ఉండే ఉంటారు. ఆలివ్ రిడ్లే తల్లి తాబేలు ఇసకలో గుంట తీసి దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా దివిసీమ తీరంలో అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీలో పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలోకి వదులుతారు. పిల్లలను వదిలే రోజు ఫొటోలు పత్రికల్లో చూసే ఉంటారు. మంచి పని. ఆ ఫొటో చూసి రాసే వ్యాసాలన్నీ ‘ఈ కృషి అభినందనీయం’ దగ్గర ఆగుతాయి.

ఇక్కడ కాదనదగ్గ వాక్యం ఎక్కడుంది? తారీకుల్లో ఉంది. మన తీరంలో తాబేళ్లు గుడ్లకు వచ్చేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి. తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఆ నిషేధం పెట్టింది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం, తాబేలును చూసి కాదు. తల్లి తాబేళ్లు తీరానికి దగ్గరగా తిరిగే నెలల్లో ట్రాలర్ల వలలు నీళ్లలోనే ఉంటాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. ఈ రెండు తారీకులూ పక్కపక్కన పెడితే వాక్యం పుడుతుంది:

‘దివిసీమలో ఎన్ని గుడ్లు హేచరీకి చేర్చినా, జనవరి–మార్చి నెలల్లో గుడ్లు పెట్టే తీరం ఎదుట ట్రాలర్లు వల లాగడం ఆపకపోతే తల్లి తాబేళ్లు తగ్గిపోతూనే ఉంటాయి.’

గిలకలదిండి హార్బరులో దీన్ని చదివి వినిపిస్తే ఏమంటారో ఊహించండి. “రెండు నెలలు మాన్పించింది చాలక ఇంకో మూడు నెలలా? డీజిలు అప్పు ఎవరు కడతారు?” అంటారు. అంటే వాక్యంలో ప్రాణం ఉంది. ఇప్పుడు మీకు రెండు దారులు. నిషేధాన్ని తీరం అంతా కాకుండా గుడ్లు పెట్టే కొద్ది మేరకే కుదించడం ఒకటి. తాబేలు తప్పించుకునే పరికరాన్ని వలకు బిగించడం రెండోది. టెడ్ అని పిలిచే ఆ పరికరం వలలో అడ్డంగా అమర్చే ఇనుప చట్రం. రొయ్య చువ్వల మధ్య నుంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పై కంత లోంచి బయటపడుతుంది. పెద్ద చేప కూడా ఆ కంత లోంచే పోతుందని మత్స్యకారుల అభ్యంతరం. మూలవాక్యంలో ఏ దారి ఎన్నుకున్నా సరే, రెండూ కలిపేయకండి. మొదటిది బోటుకు సెలవు ఇమ్మంటుంది, రెండోది వల మార్చుకోమంటుంది.

ఈ తగువు మన రేవుతో ఆగేది కాదు. టెడ్ లేని వలలతో పట్టిన రొయ్యలను అమెరికా ఆపేస్తే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో అక్కడి అప్పీలు సంఘం తాబేలును కాపాడాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేదు, ఆ నిషేధాన్ని దేశాల మధ్య తేడాలు చూపిస్తూ అమలు చేసిన తీరును తప్పుపట్టింది. 2019 నుంచి మళ్లీ మన సముద్రపు రొయ్యకు అక్కడ తలుపులు మూసుకున్నాయి. చెరువులో పెంచిన వనామీకి ఆ ఆంక్ష వర్తించదు. పై తరగతులవాళ్లు దీన్నే తీసుకుని ‘తాబేలు చావుకు ధర కట్టింది పరాయి దేశపు మార్కెట్, మన చట్టం కాదు’ అని రాయొచ్చు. ఆ మాటకు ఒప్పుకోనివాళ్లు ఢిల్లీలో కూడా దొరుకుతారు.

తాబేలు వ్యాసాల్లో మాటిమాటికీ దొర్లే తప్పు ఒకటుంది. ‘లక్షల సంఖ్యలో తాబేళ్లు’ అని రాస్తారు. అది ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల మాట. అక్కడ ఒక్కసారిగా మందలుగా వస్తాయి. మన తీరంలో చెదురుమదురుగా వస్తాయి. లక్షలని రాశారంటే మీరు నెట్‌లోంచి దించారని దిద్దేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

గుడివాడ వాళ్లకు కొల్లేరు పక్కనే కదా, గూడబాతుల మీద రాద్దామా అనిపిస్తుంది. నా సలహా అడిగితే, మొదటి వ్యాసానికే కొల్లేరు జోలికి పోవద్దు. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చెరువు గట్లు కొట్టేసిన ఆపరేషన్ కొల్లేరు, కాంటూరును మూడుకు కుదించమనే కోరిక, ఇవన్నీ ఒక్క వాక్యంలో ఇమడవు. ఇమిడ్చితే వాక్యం పక్షిని వదిలేసి రాజకీయం మాట్లాడుతుంది. చేయి తిరిగాక రాయండి.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు రాయాలి అన్నవి చిన్న సంగతులు. మొదటి పేరా ఆఖర్న పెట్టండి. పోటీ హాల్లో అయితే చిత్తు కాగితం మీద ముందు మూలవాక్యం, దాని కింద కాదనేవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి ఎదుట మీ జవాబు రెండు మాటల్లో. ఎదుట ఏమీ రాయలేని పేరు మిగిలితే వాక్యం మార్చండి. రాస్తూ రాస్తూ మూడో పేరాలో మీ అభిప్రాయమే మారిందా? అదీ మంచిదే, వెనక్కి వెళ్లి మూలవాక్యం దిద్దండి. వాక్యం ఒకటి చెబుతుంటే వ్యాసం ఇంకొకటి చెప్పే కాగితాలు చాలానే వస్తాయి.

ఇక మీ వంతు. డెల్టా పాయల్లో నీటికుక్కలున్నాయి. గుంపులుగా ఈదుతాయి, చేపలు తింటాయి, ఐయూసీఎన్ జాబితాలో ఇవీ వల్నరబులే. మూలవాక్యం అప్పుడే రాయకండి. ముందు ఒక కాగితం మీద నీటికుక్క వల్ల నష్టపోయానని చెప్పగల ముగ్గురిని రాయండి. వల చింపిందనే జాలరి ఒకడు. చెరువులో చేప తగ్గిందనే రైతు ఇంకొకడు. మూడోవాడు ఎవరో మీ ఊళ్లో వాకబు చేయండి. పీతలు పట్టే యానాదులను అడిగితే ఆ జంతువు ఏ కాల్వలో ఏ వేళ తిరుగుతుందో, ఎవరు దాన్ని తిట్టుకుంటారో కూడా చెబుతారు. ఆ తర్వాత వాక్యం రాసి, ఆ ముగ్గురిలో ఒకరికి చదివి వినిపించి, ఆయన అన్నది అన్నట్టు కింద రాసుకోండి.